పాములు, తొండలు, కప్పలు: పిల్లల ప్రకృతి క్యాంపు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

హైదరాబాద్ శివార్లలో ఒక చెరువును ఆనుకుని ఉన్న పాత మామిడితోటలో మేం పిల్లల కోసం ఆదివారం క్యాంపు నడుపుతున్నాం. పొద్దున 8.30కి మొదలై మధ్యాహ్నం 3కి అయిపోతుంది. రాత్రి బస ఉండదు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వచ్చే ఆదివారాలన్నీ సరీసృపాలకీ ఉభయచరాలకే, అంటే పాములు, బల్లులు, తొండలు, తాబేళ్ళు, కప్పలకే. పిల్లల్ని పంపే ముందు అమ్మానాన్నలు, అమ్మమ్మలు, తాతయ్యలు ఫోన్‌లో అడిగే ప్రశ్నలకు జవాబులన్నీ ఇక్కడ ఒకచోట రాసి పెడుతున్నాను.

క్యాంపులో పాముల్ని పట్టుకుని చూపిస్తారా?

చూపించం. ఈ మాట చెప్పగానే పిల్లల ముఖాలు చిన్నబోతాయి, కొంతమంది నాన్నల ముఖాలు కూడా. కానీ ఇందులో మినహాయింపు లేదు.

మొదటి ఏడాది మేం ఆ పని చేశాం. పాములు పట్టే ఒకాయన్ని పిలిపించాం. ఆయన జెర్రిపోతును తెచ్చి పిల్లల మెడలో వేస్తే ఫొటోలు తీశాం. అందరూ చప్పట్లు కొట్టారు. రెండు వారాల తర్వాత ఆ పిల్లల్లోనే ఒక తొమ్మిదేళ్ళ బాబు, వాళ్ళ ఇంటి వెనక కాలవలో కనిపించిన పామును తోక పట్టుకుని లేపాడు. అది తిరిగి మణికట్టు దగ్గర కరిచింది. నీళ్ళల్లో తిరిగే విషం లేని పాము కాబట్టి నాలుగు రక్తపు చుక్కలతో, ఒక ఇంజెక్షన్‌తో పోయింది. నేను ఆసుపత్రికి వెళ్తే వాళ్ళమ్మ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. ఆ బాబు మాత్రం "పాము ఏమీ చెయ్యదని మీరే కదా మేడం చెప్పారు" అన్నాడు. వాడు అన్నది నిజమే. మేం నేర్పిందే వాడు చేశాడు. పాము జాతులు, విషపు కోరలు అంటూ మేం గంటసేపు చెప్పిన పాఠం గాలికి పోయింది, మెడలో వేసిన పాము మాత్రం మనసులో ఉండిపోయింది.

పైగా 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పాముల్ని పట్టి ఇలా ప్రదర్శించడం నేరం. ఆ సంగతి తెలిసి కూడా అప్పట్లో తేలిగ్గా తీసుకున్నాం.

మరి పాము లేకుండా పాము గురించి ఏం నేర్పుతారు?

కుబుసంతో మొదలుపెడతాం. తోట చుట్టూ ఉన్న రాళ్ళ కట్టలో వానలు పడ్డాక అప్పుడప్పుడూ ఒకటి దొరుకుతుంది. ముందు పెద్దవాళ్ళం వెళ్ళి, చుట్టుపక్కల కర్రతో తట్టి, ఏమీ లేదని చూసుకుంటాం. తర్వాత నలుగురు నలుగురు చొప్పున పిల్లల్ని పిలుస్తాం. చేతికి భూతద్దం ఇస్తాం.

మొదట అందరూ అడిగేది "పాము చచ్చిపోయిందా?" అని. తల దగ్గర చూడమంటాం. రాయికి మూతి రుద్దుకుని, పెదవుల దగ్గర చర్మం చినిగాక, మనం మేజోడు తిరగేసి లాగినట్టు పాము అందులోంచి బయటికి పాకిపోతుంది. అందుకే దొరికిన కుబుసం లోపలిది బయటికి తిరిగి ఉంటుంది. తర్వాత కన్ను చూడమంటాం. కన్ను ఉండాల్సిన చోట గుండ్రంగా, గాజు బిళ్ళలాంటి పొలుసు ఒకటి కనిపిస్తుంది. పాముకు కనురెప్పలు లేవు, ఆ పారదర్శకమైన పొలుసే కంటికి కాపలా. కుబుసంతో పాటు అదీ ఊడి వచ్చేస్తుంది. ఈ ఒక్కటి చూశాక పిల్లలు గోల ఆపేస్తారు. వీపు మీద చిన్న చిన్న పొలుసులు, పొట్ట కింద మాత్రం అడ్డంగా ఒకే వెడల్పాటి పట్టీలు. ఆ పట్టీలతోనే నేలను పట్టి ముందుకు జరుగుతుందని చెబితే, వెంటనే ఎవరో ఒకరు బోర్లా పడుకుని పాకి చూస్తారు. చూడనిస్తాం.

గత ఆగస్టులో దొరికిన ఒక కుబుసంలో వెన్ను పొడుగునా మధ్య వరస పొలుసులు మిగతావాటికంటే పెద్దగా, తేనెపట్టు గదుల్లా ఆరు మూలలతో ఉన్నాయి. అది కట్లపాము గుర్తు. నల్లటి ఒళ్ళు, తెల్లటి చారలు కుబుసంలో తెలియవు, పొలుసులే చెబుతాయి. అంటే కట్లపాము ఆ కట్టలో తిరుగుతోందన్నమాట. ఆ సంగతి పిల్లలకు దాచలేదు. "ఇది పగలు ఎక్కడో పడుకుని రాత్రి తిరుగుతుంది, అందుకే ఈ రాళ్ళ సందుల్లో ఎవరూ చెయ్యి పెట్టరు" అన్నాం. ఆ రోజు మళ్ళీ ఎవరికీ చెప్పాల్సిన పని పడలేదు. కుబుసాన్ని చూసి అక్కడే వదిలేస్తాం, ఇంటికి తీసుకెళ్ళనివ్వం.

ఏ వయసు పిల్లల్ని పంపొచ్చు?

7 నుంచి 13 ఏళ్ళ దాకా. ఒక ఆదివారానికి 20 మందికి మించి తీసుకోం. ఐదుగురు పిల్లలకు ఒక పెద్దవాళ్ళు తోడుంటారు. అంతకంటే చిన్నవాళ్ళకు మీరే ఇంటి దగ్గర తొండను చూపిస్తే చాలు.

మా అమ్మాయికి బల్లిని చూస్తేనే వణుకు. క్యాంపుకు వస్తే భయం పోతుందా?

భయం పోగొడతామని మాటివ్వలేం. బలవంతం మాత్రం చెయ్యం. భయపడే పిల్లలకు క్యాంపుకు వారం ముందే ఒక చిన్న పని ఇస్తాం. రాత్రి భోజనాలయ్యాక ట్యూబ్‌లైట్ దగ్గర చేరే బల్లిని, గదిలో ఆ చివర కూర్చుని, పదిహేను నిమిషాలు చూడాలి. ఎన్ని పురుగులు పట్టింది, ఎన్ని తప్పిపోయాయి, నాలుకతో ఏం చేసింది, ఇవి రాసుకురావాలి. ఒక పాప "తన కళ్ళు తనే నాకుతోంది" అని రాసుకొచ్చింది. నిజమే, బల్లికీ కనురెప్పలు లేవు, నాలుకతోనే కన్ను తుడుచుకుంటుంది. ఆ పాప ఇప్పటికీ బల్లి దగ్గరికి పోదు. కానీ వాళ్ళింట్లో ఎవరైనా చీపురు ఎత్తితే "ఆగండి, అది దోమల్ని తింటోంది" అంటుందట. మాకు అది చాలు.

మీరు ఇంట్లో ఒక్క సాయం చెయ్యాలి. అన్నం తినకపోతే బూచోడు వస్తాడు, పాము వస్తుంది అని బెదిరించడం మానేయండి.

బల్లి పాలల్లో పడితే విషం అంటారు. బల్లి విషప్రాణి కాదా?

మన ఇళ్ళల్లో తిరిగే బల్లికి విషం లేదు. అయితే దాని ఒంటి మీద, రెట్టలో కడుపులో ఇన్ఫెక్షన్ తెచ్చే క్రిములు ఉండొచ్చు. అందువల్ల బల్లి పడిన పాలు, కూర పారబోయడం సరైన పనే. మన పెద్దవాళ్ళ జాగ్రత్త మంచిదే, విషం అన్న కారణం మాత్రం సరికాదు.

బల్లి పడితే ఏ ఫలం, ఎక్కడ పడితే ఏ దోషం అన్నదాని జోలికి మేం వెళ్ళం. బల్లి పలికితే సత్యం అంటారు కదా, ఆ పలుకు ఇంకో బల్లి కోసమని, ఇది నా చోటు అనో, ఇటు రా అనో చెప్పుకునే తీరని మాత్రం చెబుతాం. తిరుమల శేషాచలం కొండల్లో బంగారు బల్లి ఉందని, మగది పసుపు పచ్చగా మెరుస్తుందని చెబితే, తర్వాతి సెలవులకు తిరుపతి వెళ్ళే పిల్లలు కొండ రాళ్ళ వైపు కళ్ళు పెట్టుకుని నడుస్తారు.

తొండ ముదిరితే ఊసరవెల్లి అవుతుందా?

సామెత బాగుంది గానీ అవదు. రెండూ వేరు వేరు జాతులు. ఇది పిల్లలకు చెప్పకుండా వాళ్ళచేతే పట్టించడం మాకు ఇష్టమైన పని. తొండ వేళ్ళు విడివిడిగా, సన్నగా ఉంటాయి. ఊసరవెల్లి వేళ్ళు రెండు ఒక కట్టగా, మూడు ఒక కట్టగా అతుక్కుని, కొమ్మను పట్టకారులా పట్టుకుంటాయి. తొండ తోక పొడుగ్గా వేలాడుతుంది, ఊసరవెల్లి తోక చుట్టుకుంటుంది. ఊసరవెల్లి కళ్ళు ఒకటి ముందుకు చూస్తుంటే ఇంకోటి వెనక్కి తిరుగుతుంది.

ఈ సామెత ఎందుకు పుట్టి ఉంటుందో కూడా తోటలోనే తెలుస్తుంది. మగ తొండకు జత కట్టే కాలంలో తల, మెడ, భుజాలు ఎర్రగా మారతాయి. కంచె రాయి మీద కూర్చుని ముందుకాళ్ళ మీద పైకీ కిందికీ ఊగుతూ ఇంకో మగ తొండను బెదిరిస్తుంది. ఓడిపోయినదాని రంగు చూస్తూండగానే వెలిసిపోతుంది. అది చూసినవాళ్ళకు తొండ ఊసరవెల్లిగా మారుతోందని అనిపించడంలో వింతేమీ లేదు.

పల్లెల్లో తొండ కనపడితే రాయి తీసుకోవడం మగపిల్లలకు ఆటగా ఉండేది, ఇప్పటికీ ఉంది. ఆ రంగు మారడం ఒకసారి దగ్గరుండి చూసిన పిల్లాడు తొండ మీదికి రాయి ఎత్తగా నేను చూడలేదు.

పాము పాలు తాగదని చెబితే ఇంట్లో నాగుల చవితికి గొడవ కాదా?

మొదట్లో మేమూ ఈ విషయంలో టెన్షన్ పడ్డాం. ఇప్పుడు ఇలా చెబుతున్నాం. పాముకు పాలు ఆహారం కాదు, దాహమేస్తే నీళ్ళు తాగుతుంది. పండగ పేరుతో ఆడించడానికి పాముల్ని పట్టి, కోరలు పీకి, తిండీ నీళ్ళూ లేకుండా రోజుల తరబడి బుట్టలో ఉంచితే, అప్పుడు అది దేన్నయినా తాగుతుంది. ఆ పాములు చాలావరకు తర్వాత చచ్చిపోతాయి. బుట్టలో పాముకు డబ్బులివ్వొద్దని మాత్రం గట్టిగా చెబుతాం.

పుట్ట దగ్గర పూజ సంగతి వేరు. ఆంధ్రలో కార్తికంలో చవితికి, తెలంగాణలో శ్రావణంలో పంచమికి అమ్మమ్మలు పుట్టకు మొక్కుతూ ఏమని వేడుకుంటారో పిల్లల్ని అడిగి రమ్మంటాం. తెలియక తోక తొక్కితే పక్కకు తప్పుకో, పగవాళ్ళం అనుకోకు అనే అర్థంలో ఉంటుంది ఆ మాట. పొలంలో ఎలుకల్ని తినే జీవితో, అదే పొలంలో చెప్పుల్లేని కాళ్ళతో తిరిగే మనిషి చేసుకున్న ఒడంబడిక అది. నేను చదువుకున్న ఏ పుస్తకంలోనూ దీన్ని ఇంతకంటే బాగా చెప్పలేదు. ఆ పుట్టను కట్టింది చీమలు కాదు, చెదలు అని కూడా అక్కడే చూపిస్తాం.

పాము పగబడుతుందా? నాదస్వరానికి ఆడుతుందా?

పగబట్టదు. మనుషుల్ని గుర్తుపెట్టుకుని వెతుక్కుంటూ రాదు. పాముకు బయటికి కనిపించే చెవి లేదు, నేల అదురును బాగా పసిగడుతుంది. పాములవాడి ముందు నాగుపాము ఊగేది కళ్ళ ముందు కదులుతున్న నాదస్వరం బుర్రను, అతని మోకాలును కనిపెట్టుకుంటూ.

పిల్లలకు ఇంగ్లిష్ పేర్లు చెబుతారా, తెలుగు పేర్లా?

ముందు తెలుగు పేర్లే. ఇంగ్లిష్ మీడియం పిల్లలు ఎక్కువగా వస్తారు కాబట్టి కొంతమంది అమ్మానాన్నలకు ఇది నచ్చదు. వాళ్ళకు ఒక కథ చెబుతాను. 1780లలో విశాఖపట్నంలో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు ఉండేవాడు. ఈస్టిండియా కంపెనీ ఆయన్ని మొక్కల్నీ జంతువుల్నీ పరిశీలించే పనిలో పెట్టింది. ఆయన కోస్తా పాముల మీద బొమ్మలతో పెద్ద పుస్తకం తయారుచేశాడు, 1796లో అచ్చయింది. అందులో పాములకు స్థానికులు చెప్పిన తెలుగు పేర్లనే ఇంగ్లిష్ అక్షరాల్లో రాసుకున్నాడు. మనం రక్తపింజర అనే పాము ఆయన పుస్తకంలో "కాటుక రేకుల పొడ". కాటుక గీసిన రేకుల్లాంటి మచ్చలున్న పాము. ఇంతకంటే అచ్చంగా ఆ పామును ఎవరైనా వర్ణించగలరా? ఇంగ్లిష్‌లో దానికి రస్సెల్ పేరే పెట్టారు. కట్లపాము జాతికి శాస్త్రజ్ఞులు వాడే "బంగారస్" అన్న పేరు మన "బంగారు" నుంచి వెళ్ళిందే.

ఆయన "రెండు తలల పాము" అని రాసుకున్నది ఏమిటో తెలుసా? పూలకుండీ తిరగేస్తే వానపాములా మెరుస్తూ కనిపించే గుడ్డిపాము. తలా తోకా ఒకేలా ఉంటాయి, విషం లేదు, చీమల గుడ్లు, చెదలు తింటుంది. వీటిల్లో అన్నీ ఆడవే, మగది లేకుండానే పిల్లలు పుడతాయి. అందువల్లే పూలకుండీల మట్టితో పాటు ఓడలెక్కి ప్రపంచమంతా పాకింది. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఫ్లోరిడాలో పెరట్లో తవ్వితే మన విశాఖ పామే కనిపించొచ్చు.

ఇప్పుడు రెండు తలల పాము అంటే చాలామందికి గుర్తొచ్చేది ఇంకోటి, మట్టిలో దూరి ఉండే, మొండి తోక ఉన్న పెద్ద పాము. అదృష్టం తెస్తుందని, లక్షలు పలుకుతుందని దాన్ని దొంగతనంగా అమ్ముతుంటారు. అది అదృష్టమూ తేదు, మందుకూ పనికిరాదు. ఎలుకల్ని తింటుంది, అంతే. ఈ మాట పిల్లల ద్వారా ఇంటికి చేరాలని మా ఆశ.

కప్పల్ని చూడాలంటే ఏ ఆదివారం పంపాలి?

మృగశిర కార్తె వచ్చి, మొదటి పెద్ద వాన పడిన వెంటనే వచ్చే ఆదివారం. తేదీ ముందుగా చెప్పలేం, శుక్రవారమో శనివారమో మెసేజ్ పెడతాం. ఏడాదిలో ఒక్క రోజే రాగలిగితే ఆ రోజే రండి.

మామూలప్పుడు మట్టి రంగులో ఉండే బోదురుకప్పల్లో మగవి ఆ వానకు ఒళ్ళంతా పసుపు పూసుకున్నట్టు అయిపోతాయి. గొంతుకు రెండు పక్కలా నీలం రంగు బుడగలు ఉబ్బుతాయి. చెరువు గట్టు మీద కూర్చుని కళ్ళు మూసుకోమంటాం, ఎన్ని రకాల గొంతులు వినిపిస్తున్నాయో వేళ్ళ మీద లెక్కపెట్టమంటాం. దువ్వెన పళ్ళ మీద గోరుతో గీసినట్టు వినిపించేది బొటనవేలంత కూడా లేని చిన్న కప్ప. తలుపు తట్టినట్టు టకటకమనేది చెట్టుకప్ప. మొదటిసారి ఒక రకం అన్న పిల్లలే పది నిమిషాల తర్వాత నాలుగు అంటారు. తెలంగాణ పల్లెల్లో వాన రాకపోతే రోకలికి కప్పను కట్టి ఇంటింటికీ తిరిగే కప్పతల్లి ఆట గురించి అక్కడే చెబుతాం, నీళ్ళు పోయించుకునే ఆ ఆటను కప్ప లేకుండా ఆడిస్తాం కూడా.

తోటలో నీళ్ళ తొట్టి మీదికి వంగిన జామకొమ్మకు ఏటా తెల్లటి నురగ ముద్ద ఒకటి వేలాడుతుంది. సబ్బు నురగ అనుకుంటారు. అది చెట్టుకప్ప గూడు. జత కట్టేటప్పుడు వెనక కాళ్ళతో నురగ చిలికి అందులో గుడ్లు పెడుతుంది. పైన ఎండి పెంకులా అవుతుంది, లోపల తడిగా ఉంటుంది. కొద్ది రోజులకు తోకకప్పలు, అంటే కప్ప పిల్లలు, జారి ఒక్కొక్కటే తొట్టిలో పడతాయి. పోయినేడు ఆ పడే సమయానికి ఆరుగురు పిల్లలు తొట్టి పక్కనే ఉన్నారు. మధ్యాహ్నం భోజనానికి పిలిస్తే ఒక్కరూ రాలేదు.

కప్పను ముట్టుకుంటే పులిపిర్లు వస్తాయా?

రావు. పులిపిర్లు మనుషుల్లో వ్యాపించే వైరస్ వల్ల వస్తాయి. అయినా ముట్టుకోనివ్వం, కారణం వేరు. కప్ప చర్మంతో కూడా ఊపిరి పీలుస్తుంది. మన చేతికున్న దోమల క్రీమ్, శానిటైజర్ దాని ఒంట్లోకి పోతాయి. ఒళ్ళంతా బుడిపెలుండే కప్పలకు కళ్ళ వెనక విషపు గ్రంథులుంటాయి, ఆ చేత్తో కళ్ళు నలుపుకుంటే మంట. కప్పలున్న నీళ్ళు తాకిన ప్రతి ఒక్కరూ అన్నానికి ముందు సబ్బుతో చేతులు కడగాల్సిందే.

మా అబ్బాయి తోకకప్పల్ని సీసాలో ఇంటికి తెచ్చుకుంటానంటున్నాడు, పంపిస్తారా?

పంపం. వారం వారం వచ్చి తొట్టిలోనే చూడొచ్చు. ముందు వెనక కాళ్ళు, తర్వాత ముందు కాళ్ళు వస్తాయి, తోక ఊడిపోదు, ఒంట్లోకి ఇంకిపోతుంది.

తాబేలు ఇంట్లో ఉంటే మంచిదంటారు. పెంచుకోవచ్చా?

నక్షత్ర తాబేలును పెంచినా, కొన్నా, అమ్మినా నేరం. 2019లో అంతర్జాతీయ వ్యాపారాన్ని కూడా పూర్తిగా నిషేధించారు. చూడాలనుకుంటే శ్రీకాకుళం జిల్లా శ్రీకూర్మం తీసుకెళ్ళండి. కూర్మనాథుడి గుడి ఆవరణలో వాటిని చూడొచ్చు. అక్వేరియం షాపుల్లో అమ్మే, చెవుల దగ్గర ఎర్రగీత ఉన్న చిన్న తాబేళ్ళు అమెరికావి. పెద్దవయ్యాక విసుగొచ్చి చెరువులో వదిలేస్తే మన తాబేళ్ళ తిండీ చోటూ లాక్కుంటాయి. దయచేసి కొనొద్దు.

విశాఖ వైపు బంధువులుంటే వేసవికి ముందు వెళ్ళండి. ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు ఆ తీరంలో గుడ్లు పెడతాయి, ఒక్కోటి వంద దాకా. అటవీ శాఖ వాటిని కాపాడి, పొదిగిన పిల్లల్ని సముద్రంలోకి వదులుతుంది. ఇసుక వేడిగా ఉంటే ఆడవి, చల్లగా ఉంటే మగవి ఎక్కువ పుడతాయని చెబితే పిల్లలు నమ్మరు, కానీ నిజం.

పాము ఎదురైతే ఏం చెయ్యాలో నేర్పుతారా? కరిస్తే?

ప్రతి ఆదివారం మొదటి అరగంట ఇదే. కదలకుండా ఆగు, వెనక్కి అడుగులు వెయ్యి, పెద్దవాళ్ళను పిలువు. పిల్లలచేత ఆటగా చేయిస్తాం, తాడు ముక్కను పాముగా పెట్టి.

కాటు గురించి మెత్తగా చెప్పి ఊరుకోం. మన దేశంలో 2000 నుంచి 2019 దాకా పాముకాటుతో సుమారు 12 లక్షల మంది చనిపోయారని అంచనా. అందులో దాదాపు సగం వానాకాలంలోనే. ఎక్కువ ప్రాణాలు తీసేవి నాలుగు: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఈ నాలుగింటికీ పనిచేసే మందు ఒకటే, అది ఆసుపత్రిలో ఉంటుంది. కాబట్టి గట్టిగా తాడు కట్టొద్దు, కొయ్యొద్దు, నోటితో పీల్చొద్దు, పసరు, మంత్రం అంటూ గంటలు పోగొట్టొద్దు. ఉంగరాలు, గాజులు, వాచీ తీసేసి, కరిచిన చెయ్యి లేదా కాలు కదలకుండా ఉంచి 108కి ఫోన్ చెయ్యండి. పామును చంపి తీసుకెళ్ళే పని లేదు. కట్లపాము కాటు నొప్పి కూడా తెలియదు, నేల మీద పడుకున్నవాళ్ళను రాత్రి కరుస్తుంది. ఊళ్ళో తాతగారింటికి వెళ్తే మంచం మీద, దోమతెరలో పడుకోమనండి.

ఇంట్లోకి పాము వస్తే హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ వాలంటీర్లు వచ్చి పట్టి అడవిలో వదులుతారు. వాళ్ళ నంబరు ఫ్రిజ్ మీద రాసి పెట్టుకోండి.

మా ఊరి స్కూల్లో ఇలాంటిది పెట్టుకోవచ్చా? ఖర్చెంత?

భూతద్దాలు, నోటుబుక్కులు, సబ్బు. ఇంకేం అక్కర్లేదు. ఊళ్ళో మీకు మాకంటే మంచి గురువులున్నారు. నాట్లు వేసే ఆడవాళ్ళకు ఏ కప్ప ఎప్పుడు అరుస్తుందో తెలుసు, గొర్రెలు కాసేవాళ్ళకు ఉడుము ఏ గుట్టలో ఉందో తెలుసు. ఒక ఆదివారం వాళ్ళను పిలిచి పిల్లల ముందు మాట్లాడించండి. ఒకప్పుడు కప్ప కాళ్ళ ఎగుమతి కోసం పొలాల్లో కప్పల్ని బస్తాల కొద్దీ పట్టేవాళ్ళు, 1987లో ప్రభుత్వం ఆపింది. ఆ రోజులు చూసిన పెద్దవాళ్ళు మీ ఊళ్ళోనే ఉండొచ్చు, అడిగి చూడండి.

పిల్లల వెంట ఏం పంపాలి?

కాలి వేళ్ళు కప్పే బూట్లు, పొడుగు ప్యాంటు, టోపీ, నీళ్ళ సీసా, పెన్సిలు. వానకోటు పంపండి, గొడుగు వద్దు. సెంటు, దోమల క్రీమ్ రాయొద్దు, పొడుగు చేతుల చొక్కా చాలు. మధ్యాహ్నం భోజనం పప్పు, కూర, పెరుగన్నం మేమే పెడతాం. అలెర్జీలుంటే ముందే రాసివ్వండి. ఫోన్లు గేటు దగ్గరే తీసుకుంటాం, 3 గంటలకు తిరిగిస్తాం. తీసుకెళ్ళడానికి కాస్త తీరిక చేసుకుని రండి, చూసిన కప్ప ఎక్కడుందో మీకు చూపించకుండా వాళ్ళు బండెక్కరు.